గాయం లేని ఫొటోలు

ఇప్పుడు ఏ ఫోన్‌తో తీసినా, ఫొటో తనంతట తానే గాయాలను చెరిపేసి ముఖాలకు నవ్వు తగిలిస్తోంది. చిత్తడి నేలలైన బీల భూములను కంపెనీకి ఇచ్చేది లేదని కూర్చున్న మా ఊరి జనం మీద కాల్పులు జరిగిన రోజు తీసిన ఫొటోలన్నీ జాతరలో తీసినట్టే ఉన్నాయి. అధికారులు వాటినే చూపించి, ఎవరికీ ఏమీ కాలేదంటున్నారు.

అందుకే చిత్రకారిణి తవిటమ్మ చనిపోయినవారి ఇళ్లకు తిరుగుతోంది. విచారణకు వచ్చేవాళ్ల ముందు వారి బొమ్మలు నిలబెట్టాలని ఆమె పట్టుదల. ఆమె ఫొటోలు చూడదు. ఇంట్లోవాళ్లు చెబుతుంటే విని గీస్తుంది.

మా అమ్మాయి హైమ బొమ్మ గీయడానికి మా ఇంటికి వచ్చింది. నా భార్య సూరమ్మ చేటలో పప్పు ఏరుతూ చెప్పింది.

"పన్ను మీద పన్నుండీది. ముక్కు మాత్రం ఆళ్ల నాన్నదే, పాపం."

తవిటమ్మ నా ముక్కు చూసి నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. కాసేపటికి హైమ కాన్వాసు మీద నుంచి మా వైపు చూసింది.

"దెబ్బ ఎక్కడ తగిలింది మాస్టారూ?" అంది తవిటమ్మ.

"అది వద్దమ్మా. ఇలాగే ఉంచెయ్యి."

సూరమ్మ చేట కింద పెట్టింది. "ఆ ఫోన్లు సేసిందీ అదే కదేటండీ?"

కాల్పుల రోజు సూరమ్మ ఊళ్లో లేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్నది నేనొక్కణ్నే.

లేచి వెళ్లి, బొమ్మలో ఎడమ చెవి కింద వేలు పెట్టాను. తడి రంగు అంటుకుంది.

"ఇక్కడ," అన్నాను.