ఇందును పిలిచే గొంతు

ఇంటి తలుపులు, బడి గేట్లు మనిషి గొంతు విని తెరుచుకునే కాలమది. కాకినాడలో మణిమాల పనిచేసిన మందుల కంపెనీ మూతపడి చాన్నాళ్లయింది. అప్పటి నుంచీ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ మధ్యాహ్నం ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఫోన్ తెరలా పనిచేసే వంటింటి గోడ మీద ఒక పెద్దమనిషి ముఖం వెలిగింది. పేరున్న ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నాడు. పైసా కట్టక్కర్లేదన్నాడు. మణిమాలకు కాళ్లు నేలమీద నిలవలేదు.

"మీ గొంతు ఒక్కసారి పరీక్షించాలమ్మా. బడి వదిలాక మీ పాపను ఎలా పిలుస్తారో అలా పిలవండి."

నోరు తెరవబోయిన మణిమాల ఆగిపోయింది. ఆసుపత్రి ఉద్యోగానికి పాపను పిలిచే పిలుపెందుకు? ఆ పిలుపును రికార్డు చేసి వినిపిస్తే చాలు, బడి గేటు తెరుచుకుంటుంది. ఎవరు నిలబడి ఉన్నా ఇందు పరుగెత్తుకొచ్చేస్తుంది.

"మీ ఆఫీసెక్కడండీ? నేనే వచ్చి మాట్లాడతాను," అంది.

"ఇప్పుడే పిలవకపోతే ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోతుందమ్మా," అన్నాడతను, అదే నవ్వుతో.

ఆమె గోడను ఆర్పేసింది. ఆసుపత్రికే ఫోన్ చేసి అడిగితే, అలాంటి ఉద్యోగమేదీ లేదన్నారు. పెట్టుకున్న ఆశంతా పోయి కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని బడికి నడిచింది. రోజూ ఇంటి నుంచి ఫోన్‌లో పిలిస్తే చాలు, పాపను బడి బండి ఎక్కించేవారు. ఈ రోజు గేటు ముందు నిలబడి, "ఇందూ!" అని పిలిచింది.

పాప పరుగున వచ్చి చుట్టేసుకుంది. "నువ్వొచ్చేసేవేంటమ్మా? ఉద్యోగం వచ్చిందా?"

"లేదే తల్లీ. నిన్ను దగ్గర్నుంచి పిలవాలనిపించింది."

"అయితే ఇంకోసారి పిలువు," అంది ఇందు.