పతకంలో అత్తగారు

"ఇది పతకం ఫోటోనా, మీ ఫోటోనా అత్తయ్యా?"

కోడలు ఫోను తెర వైపు మోచేత్తో చూపించింది. వెండి పతకం నడిమధ్యన అత్తగారి ముఖం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. ముక్కు ముందు, మనిషి వెనక.

"అద్దంలా తోమింది నువ్వు. అందులో నేను కనబడితే తప్పు నాదా?" అంది అత్తగారు.

ఫోటోలు కోడలే తీసుకునేది. కానీ మెరుగు పెట్టీ పెట్టీ ఆమె వేళ్ళు బొగ్గులయ్యాయి, ముట్టుకున్నదల్లా మరకే. నగల దుకాణం యజమానురాలేమో మధ్యాహ్నంలోగా పంపమంది. నచ్చితే కోడలు చేసినవన్నీ తన దుకాణంలో పెడుతుంది. లేకపోతే కోడలు పనిముట్లు అటకెక్కించి, మానేసిన ఉద్యోగానికి మళ్ళీ పోవాల్సిందే. అసలే ఆమెకు తన చేతిమీద నమ్మకం తక్కువ. మొట్టమొదట చేసిన ఆకు కమ్మలు వంకరపోయాయని పోయినవారమే చెత్తబుట్టలో పారేసింది.

ఫ్లాష్ వేస్తే పతకం తెల్లమచ్చయింది. బల్బు కింద తీస్తే వెండి కాస్తా ఇత్తడైంది. చివరికి కిటికీ బార్లా తెరిచి, బల్ల దాని పక్కకు జరిపి, తెల్ల దిండుగలీబు పరిచారు. చలిగాలి జివ్వున కొట్టింది. అత్తగారు పొద్దుటి నుంచీ చెవుల మీదుగా కప్పుకున్న శాలువాను ఇంకాస్త బిగించింది. చెవిపోటా అని కోడలు అడిగితే, కాదు వయసు అంది.

"జూమ్ చేయకండి, మీరే దగ్గరికి వెళ్ళండి. పతకం మీద ఒకసారి వేలితో తట్టండి."

అత్తగారు వంగి నిజంగానే పతకాన్ని తట్టింది. దాని మీద వేలిముద్ర పడింది.

"తెర మీద అత్తయ్యా, తెర మీద."

కోడలు ఆ ముద్ర తుడిచిచ్చి, అటు తిరిగి రెండో పతకం తోముకోసాగింది. వెనక అత్తగారు రెండు చేతులతో ఫోను పట్టుకుని, శాలువా జారుతున్నా పట్టించుకోకుండా టకటకా నొక్కుతూనే ఉంది. ఆ తర్వాత కోడలే ఒక తెల్ల అట్టకు కన్నం పెట్టి, దాని వెనక నుంచి తీయమంది. అప్పటికి గాని పతకంలోంచి అత్తగారు బయటికి రాలేదు. ఫోటోలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి.

పంపింది కూడా అత్తగారే. మంచివీ చెడ్డవీ అన్నీ కలిపి పంపేశానని తీరిగ్గా చెప్పింది. కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. నెత్తి కూడా నల్లబడింది.

కాసేపటికి ఫోను మోగింది. అత్తగారు స్పీకరు నొక్కింది.

"పతకాలు శుభ్రంగానే ఉన్నాయమ్మా. కానీ ఇలాంటివి నా దగ్గర బోలెడున్నాయి," అంది యజమానురాలు. కోడలు అటు తిరిగి పనిముట్లు సర్దసాగింది. "అయితే ఒకదాంట్లో ఎవరో పెద్దావిడ కనిపిస్తున్నారు."

"క్షమించండి మేడమ్, అది పొరపాటున..."

"ఆవిడ చెవులకు వంకరాకుల్లాంటి కమ్మలున్నాయే, పెద్దది చేసి మరీ చూశాను. అవి చేసిందెవరు? అలాంటివి ఎన్ని జతలు చేస్తే అన్నీ నాకే ఇవ్వాలి."

కోడలు గిర్రున వెనక్కి తిరిగింది.

అత్తగారు శాలువా చెవుల మీదికి లాక్కుంటూ, "ఈ ఇంట్లో చెత్తబుట్ట పారబోసేది నేనేగా," అంది.