శరత్ చెప్పాల్సిన మాట

"మీ అవ్వ వేలిముద్ర ఎయ్యనంటుంది సార్!"

నర్సు కాగితం తెచ్చి బెంజమిన్ చేతిలో పెట్టింది.

కాలి వేలు తీయడానికి చేతి వేలు ఒప్పుకోవడం లేదు!

బెంజమిన్ తల్లి ఎలీసబెతుకి కాలి బొటనవేలి మీద షుగరు పుండు. రేపు పొద్దున తొమ్మిదిలోగా బొటనవేలు తీస్తే పాదం దక్కుతుంది, లేదంటే పాదమే తీయాలి అన్నాడు డాక్టరు. వేలు పోతే పోయింది, పాదం పోతే వేలు పోసినా రాదు కదా!

"నస్పూర్ నుంచి కరీంనగర్ దాంక వచ్చి గిప్పుడు వద్దంటవేందే అవ్వా?" బెంజమిన్ ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు.

"మత్తిచ్చినంక నేను లేవకపోతే? గా శరత్ శ్రేయకు మనసుల మాట చెప్పిండో లేదో నాకెట్ల తెలుస్తది రా?"

"శరత్ ఎవడే?"

"ఏడున్నర సీరియల్ల పిలగాడు," అంది కోడలు మహిమ గొంతు తగ్గించి.

ఏడున్నర సీరియల్ అంటే ఏడు పాళ్ళు ఏడుపు, అర పాలు నవ్వు. ఎనిమిది వందల ఎపిసోడ్లు దాటాయి గాని శరత్‌చంద్ర ఎదలో మాట పెదవి దాటలేదు. చెప్పబోతే వాన. చెప్పబోతే ఫోను. వానా, ఫోనూ లేనిరోజు మేనత్త! ఎలీసబెతు కళ్ళకు శుక్లాలు. బొమ్మ ఆనదు. అందుకే మూడేళ్ళుగా ఆమె ఆ సీరియల్ చూడటం లేదు, వింటోంది.

"ఏడున్నర అయితుంది. టీవీ పెట్టు, ఇంటది," అన్నాడు బెంజమిన్. కేసు సీరియస్సైనా సీరియలే దిక్కయింది.

రిమోట్ పక్క మంచం మీద ఉంది. ఆ మంచం మీది మనిషికి యాభై దాటి ఉంటాయి. ఎండాకాలంలోనూ మెడకు మఫ్లర్.

"అన్నా, జర రిమోట్ ఇస్తరా?"

ఇచ్చాడు. మాట లేదు.

"మీదే ఊరన్నా?"

నవ్వాడు. మాట లేదు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలుతయా ఏంది?" మహిమ గొణుక్కుంది.

సీరియల్ మొదలైంది. ఆరోజు వాన రాలేదు. ఫోను మోగలేదు. మేనత్త కూడా ఊళ్ళో లేదు.

"శ్రేయా, నువ్వు లేకపోతే నేను లేను," అన్నాడు శరత్‌చంద్ర.

మహిమ చప్పట్లు కొట్టింది. "చెప్పిండు అత్తమ్మా! ఇగ ముద్ర ఎయ్యి!"

ఎలీసబెతు తల అడ్డంగా ఊపింది. "వీడు శరత్ గాదు."

"ఏందీ?"

"రెండు వారాల సంది వింటున్న. గొంతు మారింది. ఎవడో దొంగోడు జొర్రిండు. మా శరత్ గొంతు నాకు తెల్వదా? అయ్యో, శ్రేయ ఆగమైపాయె!"

పక్క మంచం మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఎనిమిదైంది. నలుపు బొటనవేలు దాటి పక్క వేలికి పాకింది. కాలు కోసం కాలం ఆగేట్టు లేదు. నర్సు మూడోసారి వచ్చింది. "ఇంకో అర్ధగంట చూస్తరట. తర్వాత డాక్టరు సారు వేరే కేసుకు పోతరు."

బెంజమిన్ పక్క మంచం దగ్గర చేతులు జోడించాడు. "అన్నా, మీరన్న ఒక్క మాట చెప్పుండ్రి. పరాయోళ్ళు చెప్తే ఇంటదేమో."

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"కష్టంల మాట సాయం గూడ చెయ్యరా? మనుషులేనా మీరు!"

బెంజమిన్ విసురుగా బయటికి నడిచాడు, డాక్టరు కాళ్ళు పట్టుకోవడానికి. వెనకే మహిమ.

పది నిమిషాల తర్వాత తిరిగొచ్చేసరికి ఎలీసబెతు చేతి బొటనవేలు సిరాతో నీలంగా ఉంది. కాగితం నర్సు చేతిలో ఉంది.

"శరత్ వచ్చిండే మహిమా! 'శ్రేయకు చెప్పేశానమ్మా, మీరు ధైర్యంగా వెళ్ళి రండి' అని చెవుల చెప్పిండు. గొంతు పట్టింది పాపం, సర్ది చేసినట్టుంది."

అత్తమ్మ నోట సీరియల్ తెలుగు విని మహిమ ఆమె నుదురు పట్టి చూసింది. జ్వరం తలకెక్కిందనుకుంది. అడిగే తీరిక లేదు. స్ట్రెచర్ కదిలింది.

పాదం దక్కింది.

సాయంత్రం మత్తు దిగీ దిగకముందే ఎలీసబెతు అడిగింది. "శరత్‌ను ఒకపారి పిలువు బిడ్డా. నేను లేచిన అని చెప్పాలె."

మహిమ నర్సును వెతికి పట్టుకుంది. "పొద్దుగాల మా అత్తమ్మ దగ్గరికి ఎవలొచ్చిండ్రు సిస్టర్?"

"ఎవ్వలు రాలే. పక్క మంచం పర్శరాములు సారే లేచి చెవిల ఏదో అన్నడు. నేను గుస్స చేసి తిట్టిన గూడ. గొంతుల కేన్సరాయె. మిగిలిన నాలుగు మాటలు బిడ్డతోని మాట్లాడుతనని రెండ్రోజుల సంది నోరు కట్టుకున్నడు."

"గిప్పుడు మాట్లాడతడా?"

"పదింటికి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేసిండ్రు. ఇగ మాట రాదమ్మా."

మహిమ ఐసీయూ వైపు పరుగెత్తింది. తలుపు బయట బెంచీ మీద ఒక అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. పర్శరాములు కూతురట, దీక్షిత.

"చెల్లె, నీతోని మాట్లాడిండా మీ బాపు?"

"నేను వచ్చేటాల్లకు లోపలికి తీస్కపోతుండ్రు. నోరైతే తెరిచిండు. గొంతు రాలే అక్కా."

మహిమ ఆ అమ్మాయి పక్కనే బెంచీ మీద కూలబడింది.

"మీ బాపు ఏం పని చేస్తుండె చెల్లె?"

దీక్షిత కళ్ళు తుడుచుకుంది.

"హైదరాబాద్‌ల డబ్బింగ్ చెప్తుండె అక్కా, ఏడున్నర సీరియల్ల శరత్‌చంద్రకు."