ఉప్పు పొట్లం

"రెప్పెయ్యకుండా పాపనే చూస్తోందండీ ఆవిడ!" అంది సౌజన్య మొగుడితో.

గోదారొడ్డు రిసార్టుకి ఆవిడా, వాళ్ళాయనా ఇద్దరే వచ్చేరు. ఇందాక పలకరిస్తే, "ఆయ్, మాకు పిల్లల్లేరండీ" అందావిడ.

"లేనోళ్ళకి పిల్లల కొలను దగ్గర పనేంటి? దిష్టి కొట్టడానికా?"

"మెల్లిగా. వింటారు."

"విననీండి!"

సౌజన్య పాపని లాక్కెళ్ళి పెద్దల కొలను గట్టున కూర్చోబెట్టింది. సంచీలోంచి ఉప్పు పొట్లం తీసి గుప్పెట్లో పోసుకుంది. కళ్ళు మాత్రం ఆవిడ మీదే ఉన్నాయి.

ఆవిడ ఒక్కసారిగా పరిగెత్తుకొచ్చి, చీరతోనే నీళ్ళలోకి దూకింది.

పైకొచ్చేసరికి ఆవిడ భుజం మీద పాప నీళ్ళు కక్కుతోంది.

ఆవిడ పాపని అందిస్తూ సౌజన్య గుప్పెట్లో ఉప్పు చూసింది.

"ముట్టుకోక తప్పలేదండీ. దిష్టి తీసెయ్యండి."