విత్తనపు కాయలు

ఎర్రన్నను బయట కూర్చోబెట్టి, డాక్టరు అతని భార్య చెన్నమ్మకు స్కానింగు చూపించాడు. లివర్‌లో గడ్డ ఉంది.

"చిన్నగా ఉన్నప్పుడు వచ్చుంటే సూది పెట్టి కాల్చేసేవాళ్లం. ఇప్పుడు రక్తనాళంలోకి పాకింది. కొత్త మందులిచ్చినా నాలుగైదు నెలలమ్మా."

"ఆ సూది ఇప్పుడు పెట్టండి సార్. ఆయప్ప తాగుడు గూడా ఎరగడు."

"కామెర్ల వైరస్సూ లేదు. బూజు పట్టిన శెనక్కాయలు తింటారా? ఏళ్ల తరబడి తింటే ఆ విషం లివర్‌కు పడుతుంది. ఇతనికి అదే కారణమని కచ్చితంగా చెప్పలేను."

ఇరవై ఏళ్లుగా కాయలు ఏరేది చెన్నమ్మే. మంచివి విత్తనానికీ మార్కెట్టుకూ పోతాయి. నల్లబడినవి ఇంట్లో ఊరిబిండి పచ్చడికి.

ఊరికి తిరిగిపోయే కంబదూరు బస్సులో ఎర్రన్న అడిగాడు. "ఏమన్నాడు?"

"మంచి మందులొచ్చినాయంట. నయమైతాదంట."

ఇల్లు చేరగానే ఆమె నల్లకాయల డబ్బా తీసుకుపోయి పెంటదిబ్బలో కుమ్మరించింది. మూలనున్న విత్తనపు మూట విప్పి, కాయలు ఒలిచి, వేయించి, ఊరిబిండి నూరింది.

ఎర్రన్న సంగటి ముద్ద అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి మూల వైపు చూశాడు.

"విత్తనం కాయలు గదమే ఇవి?"

"తిను. చల్లారిపోతాది."

"కరువులో పిల్లోళ్లు ఏడ్చినా ఆ మూట ముట్టనీలేదు నువ్వు."

చెన్నమ్మ పొయ్యి వైపు తిరిగింది.

"వచ్చే వానకు నేనుండనని చెప్పినాడన్నమాట," అన్నాడు ఎర్రన్న. సంగటి తట్ట ముందుకు జరిపాడు. "ఇంకొంచెం ఎయ్యి."