దిగేవాళ్ళున్నారు

"ఎక్కడా కూలబడకుండా కోటదాకా ఎక్కేశాననుకో, ఇక నా దగ్గర హాస్పిటల్ ఊసెత్తకూడదు. పందెమేనా?"

"పందెమే మామయ్యా. మధ్యలో కూలబడ్డారో, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి. నోరెత్తకుండా రావాలి."

రాతితోరణం కింద నిలబడి మామా కోడలూ ఒప్పందం చేసుకున్నారు.

తనే గెలుస్తానని కోడలికి ధీమా. మామగారికి ఈమధ్య మేడమెట్లు ఎక్కినా ఆయాసమే. అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అంటారు. కన్నకొడుకు బతిమాలినా వినలేదు. ఈ కొండ చెబితేనన్నా వింటారని ఆవిడ ఆశ.

"ఇంత రాయికి ఇంత బెజ్జం ఎవరు పెట్టారు మామయ్యా?" తోరణం కేసి తలెత్తి అడిగింది.

"గాలి."

"గాలికి అంత తీరికెక్కడిది?"

"ప్రశ్నలెయ్యడానికి నీకున్నంత తీరిక దానికీ ఉందిలే. పద."

తోరణం దాటగానే కొండ నిలువునా చీలి ఉంది. పాతకాలం కోటకి ఆ చీలికలోనే మెట్లు తొలిచారు. మనిషి వెనక మనిషి నడవాల్సిందే. ఇద్దరు ఎదురుపడ్డారా, ఇక అంతే సంగతులు.

అందుకే అక్కడో పద్ధతి ఉంది. ఎక్కేవాళ్ళు కిందా, ప్రతి మలుపులోనూ కేకెయ్యాలి. పైనుంచి దిగేవాళ్ళుంటే "ఆగండి" అంటారు. ఆగి తీరాలి.

"ఎక్కుతున్నామండోయ్!" మామగారు గొంతు చించుకున్నారు.

"రండి!" పైనుంచి ఎవరో మగమనిషి పలికాడు.

మామగారు పెళ్ళికొడుకులా హుషారుగా బయల్దేరారు. మొదటి మలుపుకే హుషారు కాస్తా దిగిపోయింది.

"ఎక్కు... తున్నాం!"

"ఆగండి! దిగేవాళ్ళున్నారు!"

మామగారు గోడకి చేరగిలబడ్డారు. "చూశావుగా? నేను ఆగలేదు, వాళ్ళు ఆపారు. ఇది లెక్కలోకి రాదు."

చాలాసేపు చూశారు. ఒక్కరూ దిగలేదు. కనీసం చెప్పుల చప్పుడైనా లేదు.

"ఇక రండి!"

"దిగేవాళ్ళేరీ మామయ్యా?"

"మనసు మార్చుకున్నారేమోలే."

రెండో మలుపులోనూ అదే తంతు.

"ఆగండి! పిల్లలతో దిగుతున్నారు. నెమ్మదిగా వస్తారు!"

పిల్లలు లేరు, పెద్దలు లేరు. కోడలు మెడ సాచి, చెవులు రిక్కించి వింది. పక్కన మామగారి రొప్పు తప్ప ఏమీ వినిపించలేదు. అసలు పైన ఏం జరుగుతోందో తెలిసేదాకా ఆవిడకి నిలకడ లేదు.

"రండి!"

ఆఖరి మలుపులో ఆ గొంతు మరీ తాపీగా పలికింది. "ఆగండి! ముసలావిడ దిగుతోంది. బాగా ఆలస్యమవుతుంది. కావాలంటే కూచోండి!"

"కూచోను!" అని అరిచారు మామగారు, ఉన్న ఊపిరంతా ఖర్చుపెట్టి.

ఎట్టకేలకు పైకి చేరారు. కోటంటే మొండిగోడలూ, దూలాల కోసం రాతికి తొలిచిన బెజ్జాలూ. ముసలావిడ లేదు. పిల్లలు లేరు. మెట్ల పైకొసన ఒకే ఒక్క మనిషి, నెరిసిన గడ్డం, చేతిలో నీళ్ళ సీసా.

"దిగేవాళ్ళెక్కడండీ?" కోడలు నిలదీసింది.

"ఎవరూ లేరమ్మా. ఈ చీలికలో ఊపిరి తీసినా పైకి వినిపిస్తుంది. పెద్దాయన ఆయాసం విని ఆపాను."

"భలేవారే! మీ పుణ్యమాని ఆయన పందెం గెలిచారు. ఇక జన్మలో డాక్టరు గుమ్మం తొక్కరు. మధ్యలో వేలు పెట్టమని మిమ్మల్నెవరు అడిగారండీ?"

"పందెమా?" అన్నాడతను. మొహం పాలిపోయింది. నీళ్ళ సీసా మామగారి చేతిలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మనిషా, వింతపశువా!" అనుకుంది కోడలు.

మామగారు మొండిగోడ మీద కూచుని నీళ్ళన్నీ తాగేశారు. గెలిచిన మనిషి మీసం మెలెయ్యాలి కదా, ఖాళీ సీసాకి మూత బిగిస్తూ కూచున్నారు.

"అమ్మాయ్, డాక్టరు రేపు ఎన్నింటికి వస్తాడు?"

"అదేమిటి? గెలిచారుగా!"

"నా మొహం గెలుపు. ఆయన ఆగమన్నప్పుడల్లా పైకి విసుక్కున్నాను గానీ, లోపల బతుకు జీవుడా అనుకున్నాను. ఆయన ఆపకపోతే నా అంతట నేను ఆగేవాణ్ణి కాదు తల్లీ. నీ ముందు కూలబడ్డానికి సిగ్గు."

కోడలికి అప్పుడు వెలిగింది. ఆ చీలికలోకి మామగారిని తోలుకొచ్చింది తనే. ఆపిన మనిషిని నోటికొచ్చినట్టు కడిగేసిందీ తనే.

ఎలాగైనా క్షమాపణ చెప్పుకోవాలని, కిందికి రాగానే టిక్కెట్లిచ్చే ఆయన్ని పట్టుకుంది.

"ఆ గడ్డమాయనా? ఇప్పుడే బస్సెక్కాడమ్మా."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఇక రాలేనన్నాడు. మోకాళ్ళు అరిగిపోయాయట. ఇవాళే ఆఖరు."

"ఇక్కడేనా ఆయన ఉద్యోగం?"

"ఉద్యోగమా పాడా! టిక్కెట్టు కొనుక్కుని మరీ ఎక్కేవాడు." టిక్కెట్లాయన చీలిక కేసి చూశాడు. "ఎవరు ముందు పైకి చేరతారోనని ఈ మెట్ల మీద వాళ్ళ నాన్నతో పందెం వేసి, గెలిచి, ఎంతకీ రాని నాన్న కోసం పైన ఎదురుచూస్తూ కూచున్న కుర్రాడమ్మా ఆయన."