బర్రెతో ముచ్చట

"ఇగ విను, అసలు పస ఇక్కడుంది," అని కాగితం తిప్పాడు పుల్లయ్య పంతులు.

కోదాడ నుంచి మిత్రుడు జానయ్య రాసి పంపిన నాటిక అది. పుల్లయ్య కూడా నాటికలు రాస్తాడు కానీ, ఇంత బాగా ఎన్నడూ కుదరలేదు.

"రజాకార్ల గడబిడ ఖతమైంది గద, మిర్యాలగూడ మిల్లోళ్లు నాటిక ఆడతమంటుండ్రు. నాది కాదు, ఇదే ఆడమని చెప్త."

గడపలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్య అనంతమ్మ తలెత్తలేదు.

నాటికలో ఇల్లాలు పాలు పిండుతూ బర్రెతో మాట్లాడుతుంది. పుల్లయ్య గొంతు మార్చి చదివాడు. "పొద్దున కూరల ఉప్పు ఎక్కువైందే. ఆయన ఏమనలే..." నవ్వాగక చదవడం ఆపాడు. "ఎట్ల పుట్టిచ్చిండో సూడు."

"ఏం తింటుండో తెలిస్తే గదే, అనేటందుకు," అంది అనంతమ్మ, కాయ తుంచుతూ.

కాగితం మీద తరువాతి మాట పొల్లుపోకుండా అదే.

పుల్లయ్య నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"మొన్న దసరాకొచ్చినప్పుడు, నేను బర్రెకు పాలు పిండుతుంటే మీ దోస్తు కొట్టం పక్కన కూసున్నడు. వింటుండని నాకు తెల్వలే." ఇంకో కాయ అందుకుంటూ అడిగింది. "ఆ ఆడిమనిషి వేషం ఎవరు కడతరు?"

"ఎవడో మొగోడే."

ఆమె చెంబు తీసుకుని పాలు పిండడానికి కొట్టంలోకి వెళ్లింది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి పుల్లయ్య అటువైపు చెవి ఒగ్గాడు.

"నిన్నూ నన్నూ నాటకంల రాసిండ్రే," అంటోంది బర్రెతో. "ఈయనకు శాన నచ్చిందట."